బోధన్ వరసలో నడిమి ఇల్లు

తెలంగాణ వచ్చిన కొత్తలో, ఒక జూన్ మొదటి వారంలో, నిజామాబాద్‌లో ఉప గణాంక అధికారిగా ఉన్న నాకు బోధన్ వైపు ఊళ్ల సర్వే అప్పగించారు. పని పేరు ఘనమైనదే: మండలంవారీగా కుటుంబ ఆదాయపు మధ్యస్థాన్ని కట్టి, అది ఏళ్లు గడిచేకొద్దీ ఎటు పోతున్నదో చెప్పడం. ఏడాదికో విడత చొప్పున మూడు విడతలు. ప్రతిసారీ అవే ఊళ్లు, అవే ఇళ్లు.

మధ్యస్థం అంటే సగటు కాదు. ఎంచుకున్న ఇళ్లను బీదవాళ్ల నుంచి ఉన్నవాళ్ల దాకా వరసగా నిలబెడితే సరిగ్గా నడుమ వచ్చే ఇంటి ఆదాయం. సగటును ఒక్క రైసుమిల్లు యజమాని పైకి లాగేయగలడు, మధ్యస్థాన్ని కదపలేడు. అందుకే మా శాఖకు దాని మీద అంత గురి.

ఆ గురి మొదటి విడతలోనే తుస్సుమంది. వరస కడదామంటే అసలు వరసే లేదు. మిల్లు యజమానికీ, ఆ మిల్లులో బస్తాలు మోసే హమాలీకీ ఆదాయం ఒక్కటే: రేషన్ కార్డుకు పెట్టిన పరిమితికి సరిగ్గా వెయ్యి తక్కువ. కార్డు కోసం తీసుకున్న ఆదాయ ధ్రువపత్రంలోని అంకెను జనం పాఠంలా అప్పజెప్పారు. కొందరైతే జిరాక్సు చేతిలో పెట్టి, చూసి రాసుకోమన్నారు. మా పెద్దసారు, అంటే జిల్లా అధికారి, ఫారాలు తిరగేసి, అసమానతలు దాదాపు లేవని నివేదికలో రాయించారు. ఎన్ని తరాలు పోట్లాడినా రాని సమానత్వం మా ఫారాల్లో ఒక్క నెలలో వచ్చేసింది!

రెండో విడతకు నేను పంతం పట్టాను. ఆదాయం ఎంత అని అడగడం మానేశాను. వారానికి ఎన్ని వేల బీడీలు, నాట్లకు ఎన్ని రోజులు, బర్రె ఎన్ని పాలు అని విడివిడిగా అడిగి, నేనే కూడుకున్నాను. ఒక చెరకు ఊళ్లో సాయవ్వ ఇల్లు మా జాబితాలో ఉంది. ఆమె భర్త చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి, అది మూతపడ్డాక కాలం చేశాడు. సాయవ్వ బీడీలు చుడుతుంది, కోడలు కూలికి పోతుంది, కొడుకు మస్కట్‌లో ఉంటాడు. చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూనే ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"గివన్ని కూడితె కార్డు పోతది సారూ. పోతే బియ్యం నువ్వు దెస్తవా?"

"నీ పేరు ఎవ్వలకు జెప్పం అక్కా. నా పిల్లల మీద ఒట్టు, గిది ఉత్త లెక్క కోసమే," అన్నాను. ఆమె నమ్మింది. కొడుకు పంపేది కూడా దాచకుండా చెప్పింది. మొత్తం కార్డు పరిమితిని కాస్త దాటింది.

వరస కట్టి చూస్తే సరిగ్గా నడుమ వచ్చింది సాయవ్వ ఇల్లే. నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. మధ్యస్థ కుటుంబం ఎలా బతుకుతుందో ఒక పేజీ రాసి నివేదికకు జోడించమన్నారు పెద్దసారు. నేను రెచ్చిపోయి రాశాను: ఊరు, ఫ్యాక్టరీ కార్మికుడి భార్య, బీడీలు, మస్కట్ కొడుకు. పేరు మాత్రం రాయలేదు. గోప్యత నిబంధనను తు.చ. తప్పకుండా పాటించానని మురిసిపోయాను కూడా. ఆ నాలుగూ కలిసిన ఇల్లు ఆ ఊళ్లో ఒక్కటే ఉంటుందన్న ఆలోచన నా డిగ్రీల బుర్రకు తట్టలేదు.

నివేదిక అన్ని ఆఫీసులకూ వెళ్లింది. అనర్హుల కార్డులు ఏరే పనిలో ఉన్న ఒక గుమాస్తా దాన్ని శ్రద్ధగా చదివాడు. నా సర్వీసు మొత్తంలో నా నివేదికను చివరిదాకా చదివిన మహానుభావుడు ఆయనొక్కడే.

సాయవ్వ బస్సెక్కి నిజామాబాద్ వచ్చి, రద్దయిన కార్డు నా బల్ల మీద పెట్టింది. ఏడవలేదు, తిట్టలేదు.

"మిల్లు సేటు కార్డు పదిలంగనే ఉన్నది సారూ. నేనే కిరాణంల కొనుక్క తింటున్న. నీ అసుంటి సదువుకున్నోనికి నిజం జెప్పుడు నాదే తప్పు."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ గుమాస్తా ఆఫీసుకు వెళ్లి బతిమాలితే, ఆధారం మీ నివేదికే కనుక అది తప్పని రాసివ్వండి, కార్డు ఇచ్చేస్తాం అన్నారు. ఒక్క కాగితం, ఒక్క సంతకం. కానీ తప్పని రాసిస్తే నాకు మెమో ఖాయం. నా ప్రమోషన్ ఫైలు అప్పుడే పైకి వెళ్లింది. నేను రాసివ్వలేదు. కార్డు రాలేదు, ప్రమోషన్ వచ్చింది.

ప్రమోషన్ వచ్చినా మూడో విడతకూ నన్నే పంపారు. వెళ్లేసరికి కథ ఊరూరా తెలిసిపోయింది. మళ్లీ అందరి నోటా ధ్రువపత్రం అంకే. సాయవ్వ గడప దగ్గరే నిలబెట్టి మాట్లాడింది.

"నీకెంత గావాలె సారూ? గంత రాస్కో."

రాసుకున్నాను. ఆదాయం రెండో విడతలో పెరిగి మూడో విడతలో పడిపోవడానికి వర్షాభావమే కారణమని పెద్దసారు తేల్చారు. ఆ ఏడు పోచంపాడు ప్రాజెక్టు నిండి గేట్లెత్తితే చూడటానికి ఆయనే కుటుంబంతో సహా వెళ్లొచ్చారు.

నిజం చెప్పిన ఇంటికే నష్టం జరిగే చోట ప్రశ్నలు ఎంత తెలివిగా అడిగినా లాభం లేదు, అడిగే హక్కూ లేదు. నేను నేర్చుకున్నది ఇదే. మూడు విడతలతో ఆగాల్సిన సర్వేను ఏటా పొడిగిస్తూ పోయారు; అప్పటి నుంచి పదవీ విరమణ దాకా ఆ ఊళ్ల నుంచి నేను పంపిన మధ్యస్థాలన్నీ తప్పులే. తెలిసే పంపాను.