తార్నాక బాల్కనీలో మా స్టార్

మొన్న పొద్దున చాయ్ తాగుతూ ఫోన్ తెరిస్తే, మా హాస్టల్ పాత విద్యార్థినుల వాట్సాప్ గ్రూపులో పొడుగాటి పోస్టు ఒకటి కనిపించింది. తక్కువ ఖర్చుతో క్రిస్మస్ పార్టీ సరదాగా ఎలా చేసుకోవాలో అందులో ఉంది. స్టార్ ఇంట్లోనే కట్టుకోండి, కేకు కుక్కర్లో చేసుకోండి, వచ్చేవాళ్ళని ఇంట్లో ఉన్నదేదో ఒకటి తెమ్మనండి. చదవడం అయ్యేసరికి చాయ్ చల్లారిపోయింది. రాసింది మా అక్క. సొంత అక్క కాదు, యూనివర్సిటీ హాస్టల్లో నాతో రెండేళ్ళు ఒకే గదిలో ఉన్న సీనియర్. ఇప్పుడు ఏదో కాలేజీలో పెద్ద మేడమ్. ఆమె రాసినదాంట్లో ఒక్క అబద్ధమూ లేదు. నా మంటంతా అదే.

పదమూడేళ్ళ కింద నేను ఎం.ఏ.లో ఉన్నాను, ఆమె పీహెచ్‌డీ చివర్లో ఉంది. మెదక్ వైపు పల్లెలో క్రైస్తవుల ఇంటి అమ్మాయి. మాది నల్లగొండ వైపు వ్యవసాయం, బోనాలూ బతుకమ్మా తప్ప నాకు వేరే పండుగ తెలీదు. ఆ ఏడు క్రిస్మస్ అయిన రెండు రోజులకే పరీక్షలు పెట్టారు కాబట్టి చాలామందిమి ఊళ్ళకు పోలేదు. మన గదిలోనే పండుగ చేద్దామంది అక్క. దేంతో చేస్తామని అడిగాను, ఎందుకంటే నెలాఖరుకు మా ఇద్దరి పర్సులూ కలిపి దులిపినా పాత బస్ టికెట్లే రాలిపడేవి. "పండుగ పైసలతోని కాదే, చేతులతోని అయితది" అన్నది. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, చాక్‌పీసుతో అల్మారా తలుపు మీద రాసుకున్నాను.

రెండు వారాలు చదువు అటకెక్కింది. పాత తడిక విప్పి వెదురు పుల్లలతో స్టార్ కట్టాం, సీతాఫల్‌మండిలో పతంగుల కాగితం కొనుక్కొచ్చి అంటించాం. దానికి తోకలు కావాలంటే, మా సారు ఎర్రసిరాతో కొట్టేసి మొహాన కొట్టిన నా ప్రాజెక్టు కాగితాలను పొడుగ్గా కత్తిరించాను. అవి పనికొచ్చింది అప్పుడొక్కసారే. హాస్టల్లో పొయ్యి వెలిగించనివ్వరు గనుక కేకు మాత్రం మాణికేశ్వర్ నగర్‌లో, మా మెస్సులో రొట్టెలు చేసే పెద్దమ్మ ఇంట్లో చేశాం. కుక్కరుకు విజిలూ రబ్బరూ తీసేసి అడుగున ఇసుక పోస్తుంటే ఆమె గుండె పట్టుకుంది. "కుక్కర్ల ఇసుక పోస్తరా? మీకు సదువు జెప్పినోళ్ళెవ్వరు?" అని తిట్టింది కానీ, కేకు పొంగి వాసన వచ్చేసరికి మూత దగ్గర నుంచి కదల్లేదు. అన్నేళ్ళు మాకు రొట్టెలు కాల్చిందే గాని, హాస్టల్లో ఒక్క గదిలోకీ చుట్టంలా వచ్చింది లేదు. పండుగ రోజు నాలుగింటికి రమ్మని అక్కే ఆమె చెయ్యి పట్టుకుని పిలిచింది.

క్రిస్మస్ పొద్దున అక్క లాలాగూడ చర్చికి బయల్దేరుతూ స్టారూ కేకూ ఇమ్మంది. కేకు మీద పాస్టరుగారితో ప్రార్థన చేయించి, స్టార్‌లో బల్బు పెట్టించి రెండింటికల్లా వస్తానంది. కేకు డబ్బా ఆటోలో కదలకుండా నా పచ్చ చున్నీతో నేనే గట్టిగా ముడేసి ఇచ్చాను.

నాలుగయింది. పది మంది అమ్మాయిలు పల్లీలూ మురుకులూ పట్టుకుని వచ్చారు. పెద్దమ్మ పెట్టెలోని చీర కట్టుకుని, సర్వపిండి చేసుకుని వచ్చింది. అక్క లేదు, ఫోన్ ఎత్తదు. ఏ బస్సు కిందైనా పడిందేమోనని భయమేసింది. చర్చికి పోయి చూద్దామని బయల్దేరి, తార్నాకలో ఆటో మారడానికి దిగాను. ఎదురుగా మొదటి అంతస్తు బాల్కనీలో మా స్టార్ వెలుగుతోంది. తోకల మీద నా ఎర్రసిరా గీతలు కింది దాకా కనబడుతున్నాయి.

అది అక్క పీహెచ్‌డీ గైడు గారి ఇల్లు. అంతకుముందొకసారి అక్కతో కలిసి కాగితాలివ్వడానికి వచ్చాను. మెట్లెక్కితే తలుపు తీసే ఉంది. లోపల డిపార్ట్‌మెంట్ వాళ్ళంతా ఉన్నారు, కేకు కోసేశారు. ఏమీ ఖర్చు లేకుండా అన్నీ ఈ పిల్లే మా కోసం తన చేత్తో చేసిందని గైడు గారి భార్య ఎవరికో మురిసిపోతూ చెబుతోంది. నన్ను చూసి ఎవరమ్మా అని అడిగింది.

"మా హాస్టల్ల ఉంటది మేడం. జర హెల్ప్ చేసింది" అన్నది అక్క.

తర్వాత కాగితం ప్లేట్లో ముక్క పెట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది. "స్టారూ కేకూ మా ఇంటికి తెమ్మని సారు నిన్ననే అడిగిండే. థీసిస్ మీద సంతకం కావాలె గద. నువ్వు అర్థం జేసుకుంటవు."

అర్థం చేసుకునేదాన్నే. ముందు రాత్రి చెప్పి ఉంటే ఆ స్టార్‌ని నెత్తిన పెట్టుకుని నేనే మోసుకొచ్చి కట్టేదాన్ని. కానీ నిన్ననే అంటే, పొద్దున నేను చున్నీ ముడేస్తున్నప్పుడు కూడా ఆమెకు తెలుసు. తెలిసే, ముడి ఇంకొంచెం గట్టిగా వెయ్యమంది. నన్ను నమ్మించి మోసం చేసింది. ఇంతకంటే చిన్న మాట నాకు ఇవాళ్టికీ దొరకలేదు.

"నా చున్నీ ఇయ్యక్కా" అన్నాను. అది చెప్పుల స్టాండు మీద ఉంది.

తిరిగొచ్చాక చర్చిలో ఆలస్యమైందట అని పెద్దమ్మకు చెప్పాను. ఆమె ముందు అక్కను చిన్నబుచ్చలేకపోయాను. ఒక్క క్రిస్మస్ పాట కూడా రాని మేమంతా పెద్దమ్మ చుట్టూ తిరుగుతూ బతుకమ్మ పాటలు పాడాం. నిజం చెప్పాలంటే కడుపుబ్బ నవ్వాం కూడా. పోతూ పోతూ పెద్దమ్మ సర్వపిండి ముక్కొకటి కాగితంలో చుట్టి, "ఆ పిల్లకు తీసిపెట్టు, ఆకలితోని వస్తది" అన్నది. అక్క బల్ల మీద పెట్టాను. వచ్చి తిన్నది. ఆ తర్వాత అయిదు నెలలు ఒకే గదిలో ఉండి, తాళంచెవుల గురించీ బకెట్ల గురించీ తప్ప మాట్లాడుకోలేదు.

పోస్టు కింద పొగడ్తలు వరసగా వస్తున్నాయి. 'ఆ స్టార్ ఎవరింటికి కట్టినవో గూడ రాయి అక్కా' అని టైపు కొట్టి, పంపకుండానే చెరిపేశాను. ఇప్పుడు తార్నాకలోనే మా ఇల్లు. ఏటా క్రిస్మస్‌కి అదే కుక్కరు కేకు, అదే వెదురు స్టార్, ముందుగా వచ్చేది పెద్దమ్మే. కాలం ఎంతటి కోపాన్నైనా కరిగిస్తుందంటారు. పదమూడేళ్ళు నాకు నేర్పింది మాత్రం ఒకటే, పార్టీ అయ్యేదాకా స్టార్‌ని ఎవరి చేతికీ ఇవ్వను.