కుడివైపు సీటు

మా మేనత్త భర్త పందొమ్మిదివందల యాభైల చివర్లో మద్రాసు వెళ్లి, ఎద్దుల జత కొన్నంత సులువుగా ఒక ఇటలీ కారు కొనుక్కొచ్చాడు. స్వదేశం వెళ్లిపోతున్న ఇంజనీరెవరో అమ్మేశాడట. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు, ఎండిన వక్క రంగు. పందేలలో పరుగెత్తాల్సిన ఆ బండిని మామ ఇందుకూరుపేట దారిలో గడ్డిబండ్ల వెనక నడిపేవాడు.

దాని స్టీరింగు ఎడమవైపు ఉండేది. అందుకని అత్త ఆయనకు కుడివైపు కూర్చునేది. డ్రైవరు ఉండాల్సిన చోట ఆడమనిషిని చూసి ఎదురొచ్చేవాళ్లు నోళ్లు తెరిచేవాళ్లు. అత్త చేతులు ఒళ్లో పెట్టుకుని, తనే నడుపుతున్నంత దర్జాగా చూసేది. సాయంత్రాలు ఇద్దరూ మైపాడు సముద్రం దాకా వెళ్లి వచ్చేవాళ్లు. మా వైపు మొగుడూ పెళ్లాలు అలా షికారు వెళ్లడం నేను చూడటం అదే మొదలు.

కొంతకాలానికే మామ కామెర్లతో పోయాడు. వాళ్లమ్మకు కోపం తీర్చుకోవడానికి దేవుడు అందలేదు, కోడలు అందింది.

"పెళ్లామనేది మొగుడికి ఎడమపక్కన కూసోవాల. ఇది కుడిపక్క కూసోని నా బిడ్డ ఆయుస్సు తినేసింది" అని పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ చెప్పింది. ఇటలీలో ఆడవాళ్లంతా ముండమోశారా అని అడగాలని నా నాలుక దురద పెట్టేది. మా అమ్మ కళ్లతోనే నా నోరు మూయించేది. అత్త మాత్రం ఏనాడూ జవాబు చెప్పలేదు. కారును అమ్మనివ్వలేదు, అంతే. ఆ మౌనం ఒప్పుకోలు కాదని తెలిసి నాకు ఆమె మీద గౌరవం పెరిగింది.

కారు కొట్టంలోనే ఉండిపోయింది. ఉప్పుగాలికి రేకులు తుప్పు పట్టాయి. సీట్ల తోలు పగిలి పీచు బయటికి వచ్చింది. మామ చెయ్యి ఆడి ఆడి నునుపెక్కిన గేరు బుడిపెను అత్త అప్పుడప్పుడూ పైటచెంగుతో తుడిచి వచ్చేది.

ఏళ్ల తర్వాత ఆ అత్తగారు కూడా పోయాక అత్త మా నాన్నను పిలిపించింది. ఆయన ఆమెకు తమ్ముడు. ఒక్కసారి ఆ కారులో మైపాడు వెళ్లి రావాలని ఉందంది. "అది నడిచేటట్టు చేస్తే చాలు అబ్బయ్యా. ఇంకేదీ ముట్టుకోబాక" అంది.

మా నాన్నకు ఒక పని చెబితే నాలుగు చేసుకొచ్చే జబ్బు ఉంది. కారును ఎద్దులతో నెల్లూరు షెడ్డుకు లాగించాడు. దాని సామాను ఈ దేశంలో దొరకదంటే మద్రాసు టాక్సీల సామాను తెప్పించాడు. ఆ వక్క రంగు కుదరక నిగనిగలాడే ఎరుపు వేయించాడు. ఆ పైన, మన కార్లన్నిటికీ ఉన్నట్టే స్టీరింగును కుడివైపుకు మార్పించాడు. అత్త ఏదీ మార్చొద్దంది కదా అని నేనంటే, లోకం నోరు మూయించాలన్నాడు. ఇకపైన ఆ కారులో ఆడమనిషి ఉండాల్సింది ఎడమవైపేనట. అక్క మీద ప్రేమతోనే చేశాడు, అందులో నాకు ఏ అనుమానమూ లేదు. ప్రేమ ఉన్నవాడికి చెవులు కూడా ఉంటే ఎంత బాగుండేది!

నిమ్మకాయలు కట్టి, పసుపు కుంకుమ పెట్టి కారును అత్త ఇంటి ముందుకు తెచ్చాడు. అత్త ఉతికిన చీర కట్టుకుని వీధిలోకి వచ్చింది. మామ పోయాక పట్టపగలు ఆమె గడప దాటడం అదే మొదటిసారి. అలవాటుగా కుడివైపు తలుపు తీసి, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని కూర్చోబోయింది. అక్కడ స్టీరింగు ఉంది. తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నాన్న చుట్టూ తిరిగి వెళ్లి రెండో తలుపు తెరిచాడు. "ఇట్టా వచ్చి కూర్చో అక్కా. ఇంక ఎవురూ ఏమీ అనలేరు."

అది మామ కూర్చున్న చోటు. అత్త దానికేసి చూసి, తర్వాత నాన్నకేసి చూసింది.

"మా అత్త అనింది నిజమేనని నువ్వు కూడా అనుకున్నావా అబ్బయ్యా?"

నాన్న కాదంటే కాదన్నాడు. మళ్లీ ఎడమవైపుకే మార్పిస్తానన్నాడు. వెళ్లి అడిగితే, పాత కడ్డీలు కోసి అతికించేశామనీ, అసలుది ఇక రాదనీ షెడ్డులో చెప్పారు. అత్త ఆయనకు అన్నం పెట్టి పంపింది. మైపాడు మాట మళ్లీ ఎత్తలేదు.

కారు తిరిగి కొట్టంలోకే వెళ్లింది. ముందు కొత్త రంగే పెచ్చులూడింది.

అత్తగారు అన్నేళ్లు నూరిపోసినా నమ్మని మాటను, తమ్ముడు చేసిన పనితో అత్త నమ్మేసింది. ఆ కార్తీకంలో సోమవారాలు ఉపవాసం మొదలుపెట్టింది. నీరసంతో గోడ పట్టుకుని నడుస్తుంటే, ఇదంతా ఎందుకత్తా అని అడిగాను.

"మీ మామ ఆయుస్సు తిన్నాను కదమ్మా" అంది.