రెండు బండ్ల ఒప్పందం

పోయిన వారం కళ్ళజోడు విరిగితే నంద్యాల బజారుకు వెళ్ళాను. అది అతికించేదాకా ఒకచోట నిలబడలేక నాలుగడుగులు వేసేసరికి, కొత్తగా తెరిచిన ఒక షోరూము అద్దాల వెనక, నా పాత మోటారుసైకిలు పేరు పెట్టుకుని ఒక కొత్త బండి కనిపించింది. పేరు అదే, ట్యాంకు మీద రాతలోని వంపు కూడా కాస్త అదే, తక్కినదేదీ అది కాదు. నేను చూస్తూ నిలబడితే లోపలినుంచి ఒక సేల్సుమాన్ వచ్చి, అంకుల్, ఇది చాలా పాతకాలపు పేరు, మీకు తెలియకపోవచ్చు అని మొదలుపెట్టాడు. నాకు తెలియదట! నాకూ ఒకటి ఉండేదని చెబితే, అయ్యో, దాచిపెట్టుకోవాల్సింది కదా అని జాలిపడ్డాడు. ఆ జాలి ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. దాచుకోవడం చేతగాక పోగొట్టుకున్నవాణ్ణి కాను నేను. అది ఎట్లా పోయిందో ఆ కుర్రవాడికి చెప్పి లాభం లేదు. ఆ బండ్ల మోత విన్న వయసువాళ్ళు మీరు, మీకైతే చెప్పొచ్చు.

బండి పేరు మాత్రం ఇక్కడ రాయను. మమ్మల్ని నడిదారిలో వదిలేసి మూతబడ్డ కంపెనీకి నేను ఉత్తపుణ్యానికి ప్రచారం చెయ్యదలుచుకోలేదు. రెండు వైపులా రెండు సైలెన్సర్లు, కిక్కు కొట్టిన రాడ్డునే లోపలికి నొక్కి ముందుకు తిప్పితే అదే గేరు రాడ్డు కావడం, ఇంత చెబితే మీలో చాలామందికి చాలు. అలవాటు లేనివాడు దాన్ని ఎక్కితే కిక్కు దొరికినా గేరు కోసం కిందికి వంగి వెతుక్కునేవాడు. అందుకే నేను ఏనాడూ తాళం వేసేవాణ్ణి కాదు.

తొంభైల మొదట్లో నేనూ మా మేనమామా చెరొకటి ఒకేరోజు, ఒకే షోరూములో, నంద్యాలలోనే కొన్నాం. మామకు ఆళ్ళగడ్డలో దేవుళ్ళ విగ్రహాలు చెక్కించే రాళ్ళ షెడ్డు ఉండేది. నేను ఆళ్ళగడ్డ పక్కపల్లె పశువుల ఆసుపత్రిలో కాంపౌండరును, కాపురం నంద్యాలలో. పొద్దున్నే మందుల ఐసుపెట్టె వెనక కట్టుకుని బయలుదేరితే ఎడమచేతి వైపు నల్లమల నీలంగా నాతోపాటే నడిచొచ్చేది. ఎండ ఇంకా కొండ దాటక ముందు, పొద్దుతిరుగుడు చేలు ఎటు తిరగాలో తెలియనట్టు తలలు వంచుకుని నిలబడేవి, కాలువ గట్ల మీద మంచు పొగలా పాకుతూ ఉండేది, ఆ మంచులోకి నా బండి పొగ కూడా కొంత కలిసిపోయేది. శిరివెళ్ళ వచ్చేసరికి మంచు విడిపోయేది. ఆ దారిలో నేను ఏమీ ఆలోచించినట్టు జ్ఞాపకం లేదు. కాళ్ళకింద ఇంజను వెచ్చదనం, చెవిలో దాని మోత, ఎవరో నన్ను ఊయలలో వేసి ఉద్యోగానికి పంపినట్టుండేది.

తర్వాత కంపెనీ మూతపడింది. క్లచ్చి వైరు కోసం పోతే ఆ షోరూము యజమాని, మాకు బండ్లు అమ్మి చేతులు పట్టుకుని ఊపినవాడే, పదిమంది ముందర, "కంపెనీయే సచ్చిపాయ, నువ్వింకా దినాలు చేస్తాండావేందప్పా? తూకానికి ఏసేయ్" అన్నాడు. ఆనాటినుంచి నేను ఆ వీధిలో ఆ వైపు నడవలేదు. ఆయన షోరూము తీసేసి బట్టలకొట్టు పెట్టినా అందులో చేతిరుమాలు కూడా కొనలేదు.

ఆ మాట మామకు చెబితే ఆయనకూ రోషం వచ్చింది. శిరివెళ్ళ టీ అంగడి దగ్గర రెండు బండ్లూ పక్కపక్కన నిలబెట్టి మేమిద్దరం ఒక మాట అనుకున్నాం. సామాన్లు ఇక కొనుక్కుంటే దొరకవు కాబట్టి, ఇద్దరి బండ్లలో ఏది ముందు ఆగిపోతే అది నడిచేదాని పాలు. అద్దం దగ్గర్నుంచి ఇరుసు దాకా అన్నీ. సాక్షి ఎవరూ లేరు, టీ మాత్రం మామ రెండోసారి చెప్పాడు.

అట్లా కొన్నేళ్ళు బాగానే సాగింది. నేను ఊళ్ళోకి రాకముందే మోత విని, ఉలి శబ్దాల మధ్యలోంచి, "మా అల్లుడు వస్తాండాడు, కాఫీ తెప్పించండప్పా" అని మామ కేక వేసేవాడు.

ఒకరోజు షెడ్డు ముందు ఆయన బండి ఉండేచోట మైలేజీ బాగా ఇచ్చే కొత్త బండి ఒకటి, చప్పుడు లేకుండా, పెళ్ళిచూపులకు వచ్చిన మనిషిలా నిలబడి ఉంది. బండి యాడ మామా అన్నాను.

"అమ్మేస్తి. ప్యాపిలి నుంచి ఎవురో విగ్రహం కోసం వచ్చి అడిగితే ఇచ్చేస్తి."

"నాకు చెప్పకనే?"

"ఇనప ముక్కకు గూడా నీకు చెప్పాల్నా అల్లుడూ?"

ఇనప ముక్క! షోరూమువాడు అన్న తూకం మాట నేను భరించాను, ఇది భరించలేకపోయాను. ఆగని బండిని అమ్మడం ఒక తప్పు, చెప్పకుండా అమ్మడం అంతకన్నా పెద్ద తప్పు. ఆనాటినుంచి మామతో మాటలు లేవు. ఏళ్ళ తరబడి రోజూ ఆ షెడ్డు ముందరే పోయాను, తల తిప్పలేదు, కానీ అక్కడికి వచ్చేసరికి మాత్రం రైజింగు కాస్త పెంచేవాణ్ణి. ఆయన వినాలి కదా.

ఇంతలో రెండువేల సంవత్సరం దాటింది, మా బండికి పెట్రోలులో కలపాల్సిన ఆయిలు కొట్టే చేతిపంపులు బంకుల్లో మాయమయ్యాయి. నేను ఆయిలు సీసా బండి డబ్బాలోనే పెట్టుకుని తిరిగేవాణ్ణి. మా బావమరిది ఒకనాడు పనుందని బండి తీసుకుపోయి, తన బండి అలవాటున ఆయిలు కలపకుండా పెట్రోలు కొట్టించుకున్నాడు. శిరివెళ్ళ దాటగానే పిస్టన్ పట్టేసింది. ఆటోలో వేసి తెచ్చి మా గుమ్మం ముందు దించి, "ఇంత నాజూకు బండైతే ఎట్ల బావా" అన్నాడు. ఆయన మీద కోపం వేరే కథ, అది ఇంకా అయిపోలేదు. నంద్యాల, కర్నూలు అంతా తిరిగాను. ఆ సైజు పిస్టన్ ఎక్కడా లేదు.

నాలుగైదు రోజులు మోత వినబడకపోయేసరికి మామ తన కొత్త బండి వేసుకుని నంద్యాల వచ్చేశాడు. నేను పేపరు మడవలేదు. ఆయన మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి, పేపరు వెనక ఉన్న నాతో, "మన బండి ప్యాపిలిలో ఉండాది. పోయి అడుగుదాం, పా" అన్నాడు. మన బండి అన్నందుకు లేచాను.

బనగానపల్లె మీదుగా ఆయన వెనక కూర్చుని పోయాను. చప్పుడు లేని బండి మీద, మాట లేని ఇద్దరం. ఇటుపక్క నల్లమల లేదు. ఎర్రటి చేలు, నాపరాళ్ళు, దూరంగా ఏ ఊరివో తెలియని గుట్టలు ఎండలో తేలుతున్నట్టు కనిపించాయి. మామ వీపు ముసలిదైపోయిందని అప్పుడు చూశాను.

ప్యాపిలి పక్కపల్లెలో, బండి కొన్న పెద్దాయన మా మాట పూర్తిగా వినకుండానే లోపలికి పోయి బండి నడిపించుకొచ్చాడు. ఒక్క కిక్కు కొట్టాడు. అంతే. ఎప్పుడో అమ్ముడుపోయిన మా మామ బండి, శిరివెళ్ళ టీ అంగడి ముందర నా బండి పక్కన నిలబడి మోగినట్టే మోగింది.

ఇంజను నాకు ఇమ్మని అడగడానికే కదా వచ్చాను. అడిగేలోపే ఆయన, "చేను శానా దూరమప్పా, బస్సు లేదు. శెనక్కాయ మూటలకూ ఇదే, నాకూ ఇదే. సామాన్లు యాడా దొరకవు. మీకాడేమన్నా ఉంటే చెప్పండి, పుణ్యముంటాది" అన్నాడు.

మామ నావైపు చూశాడు. "చెప్పు అల్లుడూ. మాట నీదే."

ఏది ముందు ఆగితే అది నడిచేదాని పాలు. మామ మాట తప్పాడని అన్నేళ్ళు అలిగినవాణ్ణి, ఆ మాటను ఇప్పుడు నేనెట్లా తప్పేది? ఆగింది నా బండి. నడుస్తున్నది అది.

"నా బండి పంపిస్తా," అన్నాను.

మరుసటివారం లగేజీ ఆటోలో ఎక్కించాను. అద్దమన్నా ఉంచుకోరాదా అంది మా ఆవిడ. మాటలో అద్దం ఉంచుకోవడం లేదన్నాను.

ప్యాపిలి పోయిన ఆరోజే తిరుగుదారిలో బనగానపల్లె దగ్గర మామ, "ఇంక మాట్లాడతావా, లేదా?" అని అడిగాడు. బండి సంగతి తీరింది, చెప్పకుండా అమ్మిన సంగతి తీరలేదు అన్నాను. ఆయన ఎంత నవ్వాడంటే బండి అటూ ఇటూ ఊగింది. ఆ నవ్వు విని కూడా నేను తగ్గలేదు. తర్వాత ఆళ్ళగడ్డ పోయిన ప్రతిసారీ ఆయన షెడ్డులో కాఫీ తాగుతూనే, ఆ సంగతి ఎత్తేవాణ్ణి. ఆయన కూడా, "ఇనప ముక్క, ఇనప ముక్క" అని ఉడికించేవాడు.

ఇప్పుడు మామ లేడు. రోడ్డు వెడల్పయింది, ఎవరి బండి మోతా ఎవరికీ తెలియదు. మనిషి మీద కోపం పెట్టుకోవాలన్నా ఆ మనిషి రేపు కూడా అక్కడే కూర్చుని ఉంటాడన్న నమ్మకం ఉండాలి. ఇప్పుడు ఎవరైనా ఒక మాట అని, నేను మనసులో దాన్ని సరిగ్గా పెట్టుకునేలోపు ఎటో వెళ్ళిపోతున్నారు.

మొన్న ఒక పెళ్ళికి కడప బస్సులో పోతూ, ఆ షెడ్డు ఉన్న వీధి ఒక్కసారి చూద్దామని కిటికీ పక్కన కూర్చున్నాను. బస్సు ఆళ్ళగడ్డలోకి పోకుండా బయటినుంచే తిరిగిపోయింది. కండక్టరుతో గట్టిగా పోట్లాడాను, ఊళ్ళోకి ఎందుకు పోనివ్వలేదని.

"టికెట్టు కడపకే కదా పెద్దాయనా. ఆడ నీకు ఎవురుండారు?" అన్నాడు.