చోటీబీ తలుపు

ఆ రోజుల్లో మృగశిర కార్తె వచ్చేలోపు ఇంట్లో కట్టెలు నిండాయా లేదా అన్నదే బీదర్‌లో ఆడవాళ్ల అసలు బెంగ. జొన్నలు అయిపోతే పక్కింట్లో అడగొచ్చు. ముసురు పట్టిన రోజున ఎండు కట్టె మాత్రం ఎవరూ ఇవ్వరు. గ్యాసుపొయ్యి తిప్పి మంట వెలిగించుకునే నా మనవరాలికి ఈ సంగతి చెబితే నన్ను జాలిగా చూస్తుంది. పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం నేను బీదర్‌కు కొత్త కోడలిగా వచ్చాను. మా పుట్టింట్లో కంది కట్టె మంట తప్ప నాకేమీ తెలియదు. అది చేత్తో విరిస్తే విరుగుతుంది. ఇక్కడ తుమ్మ మొద్దులు. అందుకని అత్తమ్మ నాకు నేర్పిన మొదటి చదువు కట్టెలదే. కింద రాళ్లు పరవాలి, వాటి మీద లావువి, పైన సన్నవి, బెరడు పైకి ఉండేలా పేర్చాలి, చెదలు ఎక్కకుండా గోడకు జానెడు ఎడం వదలాలి. నేను పేర్చిన మొదటి వరుస నా కాళ్ల మీదే కూలింది. అత్తమ్మ వచ్చి కట్టెలను చూసింది, నన్ను చూసింది, ఇంకోసారి పేర్చమని వెళ్లిపోయింది.

మామకు బజారులో కిరాణా దుకాణం. ఏటా కమఠాణ అనే పల్లె నుంచి ఒకతను తుమ్మ కట్టెలు బండి మీద తెచ్చి వేసేవాడు. ఆ ఏడు పల్లెల్లో చాలామంది ముసల్మానుల ఇళ్లు ఖాళీ అయిపోయాయి. వాళ్లు ఎట్లా పోయారో పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు, నన్ను చూస్తే ఆపేసేవారు. ఆ ఇళ్ల దూలాలు, వాసాలు, తలుపులు పొయ్యి కట్టెలుగా బజారుకు వచ్చేవి. మాకు కొంచెం తుమ్మ కట్టె ముందే వచ్చింది గాని, అది ఇంకా పచ్చిది. రెండో బండి నిండా ఇంటి కలపే వచ్చింది. ఎన్నో ఏళ్లు కప్పు కింద ఎండిన కలప. ఊదుగొట్టంతో పని లేదు, కళ్లలో పొగ లేదు. (ఆ రోజు కలిగినంత సంతోషం నాకు పెళ్లినాడు కూడా కలగలేదు. ఈ మాట మా ఆయన బతికున్నన్నాళ్లు చెప్పలేదు.)

దించుతూ దించుతూ అత్తమ్మ ఒక తలుపు దగ్గర కూర్చుండిపోయింది. టేకు తలుపు. అందులో ఒక్క పలక మాత్రం వేప. అది చోటీబీ ఇంటి తలుపు అంది. కమఠాణలో అత్తమ్మ పుట్టింటికి ఆనుకొని చోటీబీ వాళ్ల ఇల్లు. చిన్నప్పుడు ఇద్దరూ ఆ తలుపెక్కి ఊగి ఒక పలక విరగ్గొడితే, అత్తమ్మ తండ్రి ఆ వేప పలక వేయించాడట. ఎక్కడ దొరికిందని బండి అతణ్ని అడిగింది. అతను ఎద్దు మెడ తాడు సర్దుతూ చెప్పాడు.

"ఇల్లు పాడువడ్డది అక్కా. అందరు తెచ్చుకుంటున్నరు, నేను గూడ తెచ్చిన."

"ఇంట్లోళ్లు?"

"మొగోళ్లు ఎవ్వలు మిగల్లేదు. ఆడోళ్లు యాడికో పోయిన్రంట."

ఆ బండిలోని కట్టె ఒక్కటి కూడా పొయ్యిలోకి పోవద్దని అత్తమ్మ చెప్పింది. తలుపు సరే, దూలాలు చోటీబీవి కావు గదా అని మామ నచ్చజెప్పబోయాడు.

"ఎవలియో ఒకలియే గద" అంది అత్తమ్మ. అంతటితో ఆ మాట అయిపోయింది. ఎండు కలపంతా వెనక చూరు కింద విడిగా పేర్చాం.

వానలు పడ్డాయి. పచ్చి తుమ్మ పొయ్యిలో బుసకొట్టేది, నురగ కక్కేది, మండేది కాదు. మామ పళ్లెం కదిలిస్తే పప్పు గలగలమనేది. మా ఆయన దుకాణంలోనే అటుకులూ బెల్లం తినొచ్చి ఆకలి లేదనేవాడు. నా కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండటం చూసి, అత్త కొడుతున్నదని పక్కింటామె మా పుట్టింటికి కబురు పంపింది. మా అన్న ఆవేశంగా వచ్చాడు. నా చేతి వంట తిన్నాడు. అత్తమ్మకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

చివరికి మామ ఆగలేకపోయాడు. అత్తమ్మ పేరంటానికి పోయిన రోజు గొడ్డలి పట్టుకొని ఇంటి వెనక చూరు కిందికి వచ్చాడు. దూలాలు తనవల్ల కావని ఆయనకే తెలుసు, అందుకే పలచగా ఉందని తలుపును ఎంచుకున్నాడు. నన్ను అంచు పట్టుకోమన్నాడు. తూకపురాళ్లు తప్ప ఎన్నడూ ఏదీ ఎత్తని మనిషి. ఒక్క దెబ్బ వేశాడు. గొడ్డలి టేకులో దిగి ఉండిపోయింది. లాగాడు. కాలు తన్నిపెట్టి లాగాడు. గొడ్డలి కర్ర ఊడి చేతికి వచ్చింది, మామ బురదలో కూలబడ్డాడు. నాకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకొని తలెత్తితే వెనక గుమ్మంలో అత్తమ్మ.

ఆమె దగ్గరికి వచ్చింది. రాయి తీసుకొని మెల్లగా కొట్టి గొడ్డలి ఊడదీసింది. మామ వేసిన గంటు పక్కనే ఇంకో గంటు ఉంది, పాతది, దీనికంటే లోతుది. అంతవరకు నేను చూడలేదు. అత్తమ్మ దాని మీద వేలు పెట్టి, ఎవరితోనూ కానట్టు అంది.

"తలుపేసుకొని లోపటున్నప్పుడు గిట్లనే కొట్టిన్రు గావచ్చు."

మామ లేచి లోపలికి పోయాడు. ఆ పూట ఉడకని పప్పు చివరి ముద్ద దాకా తిన్నాడు.

వానలు తగ్గుముఖం పట్టాక గాజులమ్మే ఆమె ఒక కబురు తెచ్చింది. చోటీబీ హుమ్నాబాద్‌లో చెల్లెలి దగ్గర ఉందట. బండి మాట్లాడిందీ, తలుపును తాళ్లతో కట్టిందీ మామే. అత్తమ్మకు తోడు నేను వెళ్లాను. రెండు రోజుల ప్రయాణంలో తలుపు ఎన్నిసార్లు నా మోకాలికి తగిలిందో చెప్పలేను.

చెల్లెలి పెరట్లో తడకలు కట్టుకొని ఉంది చోటీబీ. అత్తమ్మ ఈడుదే, తల మాత్రం పూర్తిగా నెరిసిపోయింది. అత్తమ్మను చూసింది. బండి మీద తలుపును చూసింది.

"గోడలు లేవు గదనే, తలుపు తెచ్చినవ్" అంది. అని నవ్వింది.

అత్తమ్మా నవ్వింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకొని నవ్వుతూనే ఉన్నారు. అది ఎక్కడ ఏడుపైందో నేను కనిపెట్టలేకపోయాను. చాయ్ పెట్టాలని చోటీబీ లేవబోతే నేను ఆమెను కూర్చోబెట్టి పొయ్యి దగ్గరికి పోయాను. అక్కడా తడి కట్టెలే. అప్పటికి నాకు తడి కట్టె అంటించడం బాగానే వచ్చింది.

తలుపును చోటీబీ దగ్గరే దించి తిరిగి బయల్దేరాం. బీదర్ కోట గోడ కనిపించాక నేను ధైర్యం చేసి, ఇక ఆ దూలాలు వాడుకోవచ్చా అని అడిగాను. ఆమె నావైపు ఒకసారి చూసి మొహం తిప్పుకుంది. ఆ దూలాలు మావని అడగడానికి ఎవరూ రాలేదు. అవి ఏళ్ల తరబడి చూరు కింద అట్లాగే ఉండి, చెదలు పట్టి మన్నైపోయాయి.

అత్తమ్మకు అప్పుడున్న వయసు నేను ఎప్పుడో దాటేశాను. ఆ బండిలో కూర్చొని ఆ ప్రశ్న అడిగిన పిల్ల గుర్తొస్తే ఇప్పుడు కోపం రాదు, నవ్వే వస్తుంది. పాపం, ఇంటికి పోగానే పప్పు ఎట్లా ఉడికించాలా అన్నదే దాని బెంగ.