గాలమ్మకు వచ్చిన మార్కులు

పెట్టుబడుల సలహా ఆఫీసులో ముప్పై ఏళ్ళు నా పని ఒక్కటే. వచ్చినవాళ్ళను పదమూడు ప్రశ్నలు అడిగి, నష్టం వస్తే ఎంతవరకు తట్టుకోగలరో మార్కులు వేయాలి. అరవైకి ఇరవై దాటకపోతే మా భాషలో పిల్లి, నలభై దాటితే పులి. షేర్లలో ఎంత పెట్టాలో, డిపాజిట్లలో ఎంత ఉంచాలో ఆ మార్కులే చెప్పేవి.

గాలమ్మకు పద్నాలుగు వచ్చాయి.

ఆవిడ టవర్ క్రేన్ నడిపేది. పైకెక్కగానే ముందు గాలివేగం చూస్తుందని కూలీలు పెట్టిన పేరది. మోకాళ్ళు అరగడం మొదలైంది. నిచ్చెన ఎక్కలేని రోజున తినడానికి ఉండాలని కూడబెట్టిందంతా పట్టుకొచ్చింది. భర్త లేడు. ఈ డబ్బు పోతే మళ్ళీ సంపాదించే ఓపికా ఉండదు.

మేనేజరు ఫారం చూసి పకపకా నవ్వాడు. "ఇరవై అంతస్తుల ఎత్తున కూర్చునే మనిషి పిల్లేమిటండీ! మళ్ళీ అడగండి."

మళ్ళీ అడిగాను.

"డబ్బు ఎప్పుడు కావాలమ్మా?"

"పన్నెండేళ్ళకండి."

"అంత దూరం ఉందిగా, కాస్త రిస్కు తీసుకోవచ్చు. అస్సలు వద్దన్నారేం?"

ఆవిడ నన్ను జాలిగా చూసింది. నా స్కేలు తీసుకుని ఒక కొస వేలితో నొక్కిపట్టి, రెండో కొస బల్ల అంచు దాటించి, దానిమీద రబ్బరు పెట్టింది. "దూరం జరిగేకొద్దీ బరువు తగ్గించాలి సార్. దగ్గరైతే నాలుగు టన్నులెత్తుతా. క్రేన్ చెయ్యి చివరికెళ్తే ఒక్కటే. క్యాబిన్లో పట్టిక అంటించి ఉంటుంది. ఇంత చదువుకున్నారు, ఇది తెలీదా?"

డబ్బుకు దూరమంటే కాలమనీ, పడినా లేవడానికి వ్యవధి ఉంటుందనీ చెప్పాను. "అయితే అంతా తిరగేసి చెప్పానన్నమాట!" అని నాలుక్కరుచుకుంది. అలాంటి ప్రశ్నలు ఆరున్నాయి. దిద్దితే నలభై నాలుగు.

"చెప్పానా, పులి! మొత్తం షేర్లలో పెట్టించెయ్యండి" అన్నాడు మేనేజరు.

నాకు చెయ్యాడలేదు. గంటలో పిల్లి పులి అయింది. మనిషేమో అదే మనిషి.

మర్నాడు ఆవిడ పనిచేసేచోటికి వెళ్ళాను. ఒక గోడ పలక గాల్లో వేలాడుతోంది. మేస్త్రి చేతిలోని వాకీటాకీలో ఆవిడ గొంతు.

"గాలి పెరిగింది తమ్ముడూ, దింపేస్తున్నా."

"ఈ ఒక్కటీ పెట్టెయ్యక్కా! నీ కాళ్ళు పట్టుకుంటా."

"నా మోకాళ్ళ జోలికి రాకు, అసలే బాగాలేవు. వెళ్ళి గాలిని బతిమాలుకో."

అంత పలకా దుమ్ము లేవకుండా నేలమీద వాలింది. కాసేపటికి క్రేన్ చెయ్యి, మా వీధిలో సగం పొడవుంటుంది, ఆకాశంలో తనంతట తానే తిరగడం మొదలెట్టింది. మేస్త్రి దగ్గరకు పరుగెత్తాను.

"విరిగిందా ఏమిటయ్యా?"

"బ్రేకు తీసిందండీ. గాలి ఎటు వీస్తే అటు తిరుగుతుంది. బిగించి ఆపితే మొత్తం కూలుతుంది."

పైన అంత ఇనుము మెల్లగా తిరుగుతుంటే, దాని కింద ఒక్కో మెట్టూ దిగుతూ చీమంత మనిషి. నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. ఇన్నేళ్ళుగా నేను కొలుస్తున్నాననుకున్నది ఇదా అనిపించింది.

దిగి మోకాళ్ళు రుద్దుకుంటోంది. "భయం వెయ్యదామ్మా?" అన్నాను.

"ఎందుకు వెయ్యదూ? రోజూ వేస్తుంది. అందుకేగా గాలి చూసేది."

సగం షేర్లలో, సగం డిపాజిట్లలో పెట్టించాను. మేనేజరు సణిగాడు. మూడో ఏడు మార్కెట్టు మూడోవంతు పడిపోయింది. పొద్దున్నుంచీ పులులన్నీ "అమ్మెయ్యండి, అమ్మెయ్యండి" అని ఫోన్లు. గాలమ్మ చెయ్యలేదు. నేనే చేశాను.

"చూశారామ్మా?"

"చూశానండి."

"మరి?"

"బ్రేకు తీసే ఉంచాను సార్. తిరగనివ్వండి."

పన్నెండేళ్ళు నిండకుండానే మోకాళ్ళు మొరాయించాయి. డబ్బు మాత్రం నిలిచింది, పెరిగింది కూడా. తీసుకోవడానికి వచ్చిన రోజు కర్ర ఊతంతో మా ఆఫీసు మెట్లెక్కింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ముందు కిటికీ దగ్గరకెళ్ళి, బయట కొమ్మలు ఎంత ఊగుతున్నాయో చూసింది.