కరపత్రం రాసింది నేను

మా డాబా మీద ధ్యానం నేర్పినాయన బస్సు డ్రైవరు. తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా సాగుతున్న రోజులవి. బస్సులు సమ్మెలో ఉన్నాయి కాబట్టి ఆయన ఇంటిపట్టున ఉన్నాడు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లు తెరిచిన రోజుల కన్నా మూసిన రోజులే ఎక్కువ కాబట్టి, అక్కడ లెక్కలు చెప్పే నేనూ ఇంట్లోనే ఉన్నాను. సైదాబాద్ వైపు పోయే సందులో మూడంతస్తుల బిల్డింగు, ఇద్దరం కిరాయిదారులమే. ఆయనది నల్గొండ దగ్గర పల్లె, నాది గుంటూరు జిల్లా. టీవీలో రెండు వైపుల నాయకులూ దుమ్మెత్తి పోసుకుంటుంటే, మేమిద్దరం మెట్ల మీద ఎదురుపడి "మీరు పదండి" అంటే "మీరు పదండి" అనుకునేవాళ్ళం.

పొద్దున ఆరింటికి ఆయన డాబా మీద చాప పరుచుకుని ఊరికే కూర్చునేవాడు. కర్మన్‌ఘాట్ గుడి వెనక ఉండే ఒక పెద్దాయన నేర్పాడట. పొద్దుపోక నేనూ వెళ్ళి కూర్చున్నాను. వారం తిరిగేసరికి మరో నలుగురు చేరారు. వాళ్ళలో రెండో అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ, మా వైపు మనిషే, రిటైరైన టీచరు. ఆవిడకు బీపీ ఉంది.

"దీనివల్ల ఏమొస్తుంది అన్నా?" అని ఒకరోజు అడిగాను.

ఆయన గడ్డం గోక్కున్నాడు. "ఏం చెప్పాలె సార్? ఇదివరకు లారీవోడు అడ్డమొస్తే తిట్టెటోణ్ణి. ఇప్పుడు గూడ తిడ్త. కానీ గా తిట్టును ఇంటిదాంక తెచ్చుకోను. గంతే."

నాకు నవ్వొచ్చింది. ఇంత చక్కటి పని చేస్తూ చెప్పుకోవడం చేతకాని మనిషి! మా కోచింగ్ సెంటరు కరపత్రాలు రాసేది నేనే. ఇద్దరికి ర్యాంకులొస్తే ఊరంతటికీ వచ్చినట్టు రాయడం నాకు వెన్నతో పెట్టిన విద్య. చేతులు దురదపెట్టాయి. ఆయన్ను అడక్కుండానే ఒక కరపత్రం రాసి అచ్చేయించాను. ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, గాఢనిద్ర, షుగరు అదుపు. పైన లావు అక్షరాల్లో 'మందులు లేకుండా బీపీ మాయం' అని. కింద గురువుగారంటూ ఆయన పేరు, ఆయన ఫోను నంబరు. నా పేరు ఎక్కడా లేదు. అది నా వినయం అనుకున్నాను.

ఆయన దాన్ని వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం చదివాడు.

"గివన్నీ నేనెప్పుడన్న సార్?"

"మీరనలేదులే అన్నా. జనానికి అర్థమయ్యేలా చెప్పాలి కదా."

"బీపీ ముచ్చట తీసెయ్యుండ్రి. నాకే ఉన్నది బీపీ. రోజు గోలీ ఏసుకుంట."

"అయ్యో, అప్పుడే పంచేశానే" అన్నాను. అబద్ధం. సగం కట్ట ఇంకా నా మంచం కిందే ఉంది. మర్నాడు పొద్దున్నే వాటిని కూడా పంచి వచ్చాను.

జనం వచ్చారు. ముప్పై మందికి పైగా, డాబా సరిపోలేదు. ఎన్నాళ్ళు కూర్చుంటే షుగరు ఎంత తగ్గుతుందని అడిగేవారు. ఆయన నీళ్ళు నమిలేవాడు. నేను గబుక్కున అందుకుని నలభై రోజులు అనేవాణ్ణి. ఆయనకు చెప్పడం రాదనుకునేవాణ్ణి. తనకు తెలిసింది అంతే కాబట్టి అంతే చెప్పేవాడని, మిగతాది చెప్పడానికి ఆయనకు నోరు రాలేదని నాకు తట్టలేదు. నాకు మాత్రం తెలియనిదే ఎక్కువ కాబట్టి నోరు బాగా తిరిగేది.

ఒక బంద్ రోజు పొద్దున ఆ పెద్దావిడ డాబా మెట్ల మీదే కూలబడిపోయింది. మూతి ఒక పక్కకు లాగేసింది. ఆటో లేదు, అంబులెన్సు ఎప్పటికొస్తుందో తెలియదు. డ్రైవరు ఎదురింటివాళ్ళ వ్యాను తాళాలు అడిగి తెచ్చాడు. ఆవిడ తల నా ఒళ్ళో. రోడ్డు మీద టైర్లు కాలుతున్నాయి. "పేషెంటున్నది, జర జరుగుండ్రన్నా!" అని కిటికీలోంచి చేయి ఊపుతూ, ఎల్బీనగర్ ఆసుపత్రి దాకా ఆయన బండి ఆపలేదు.

ఆవిడ కొడుకు బాటసింగారం వైపు ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. మధ్యాహ్నానికి వచ్చాడు. చేతిలో కరపత్రం ఉంది. వాళ్ళమ్మ రెండు వారాలుగా ముట్టని బీపీ మాత్రల డబ్బా కింద దొరికిందట.

"నువ్వేనా గురువ్వి? స్టీరింగ్ తిప్పుకునేవాడివి, నీకెందుకయ్యా వైద్యం?" అని డ్రైవరు ముఖం మీద దాన్ని ఊపాడు. వరండాలో అందరూ తిరిగి చూశారు. డ్రైవరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అప్పుడా కొడుకు నా వైపు తిరిగాడు. "చూడండి మాస్టారూ వీళ్ళ వరస. చదువు లేదు, సంధ్య లేదు. వీళ్ళా మనకు చెప్పేది?"

'మనకు' అన్నాడు. నేను తలూపాను.

ఒక్కసారి కాదు, రెండుసార్లు ఊపాను. ఆ రోజుల్లో ఆంధ్రావాడు నోరు విప్పితే ఎటు తిరిగి ఎటొస్తుందోనని భయపడ్డానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. అక్కడ నన్ను గౌరవంగా పిలిచిన మనిషి మా వాడే. ఆ గౌరవం పోతుందని భయం. డ్రైవరు నా వైపు చూడలేదు. ఒక్కసారి చూసి ఉంటే ఒప్పుకునేవాణ్ణేమో. ఏమో, అప్పుడూ ఒప్పుకునేవాణ్ణి కాదేమో.

"తప్పయింది బిడ్డా" అన్నాడాయన ఆ కొడుకుతో.

డాబా మీద క్లాసు ఆగిపోయింది. సమ్మె ముగిశాక ఆయన డ్యూటీకి వెళ్ళాడు. రెండు నెలలకు ఇల్లు ఖాళీ చేశాడు. సామాన్లు దించుతుంటే నేను లోపల గడియ పెట్టుకుని పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను.

పెద్దావిడ కోలుకుంది గానీ ఎడమ చెయ్యి పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. ఒక సాయంత్రం నేను మెట్లెక్కుతుంటే గుమ్మంలోంచి పిలిచింది. మాట ఇంకా ముద్దగా వస్తోంది.

"మాస్టారూ, ఆ డ్రైవరు ఇప్పుడెక్కడున్నాడో తెలుసా? మావాడు అతన్ని ఊరికే అన్ని మాటలన్నాడు. అతను నాకు ముందే చెప్పాడండీ, 'గోలీలు బంద్ చెయ్యకమ్మా' అని. రెండుసార్లు ఇంటికొచ్చి మరీ చెప్పాడు. నేనే వినలేదు. అతనికేం తెలుసులే అనుకున్నాను. కాగితంలో అంత వివరంగా రాసుంది కదా, ఎవరో బాగా చదువుకున్నవాళ్ళు రాసుంటారనుకున్నాను."

"అవునండీ, అలాగే ఉంది" అన్నాను.