అమ్మ బొంద తవ్విన రోజు

ఏడో తరగతి పిల్లలకు ఏటా విచ్ఛిన్నకారుల పాఠం చెప్తాను. బోర్డు మీద వానపామును, పుట్టగొడుగును గీసి, ఇవి లేకపోతే చచ్చినవన్నీ మన గుమ్మాల ముందే పడి ఉండేవంటే పిల్లలు ముక్కులు మూసుకొని నవ్వుతారు. బాపు పోయిన రోజు ఆ పాఠమే నాకు అడ్డం వచ్చింది.

"మీ అమ్మ బొందలనే నన్ను పెట్టుండ్రి." బాపు చివరిదాకా అడిగింది అదొక్కటే. మరిపెడ దగ్గర మా ఊరి శ్మశానం, బొందలగడ్డలో జాగ లేక, పాత బొందలోనే ఇంకొకరిని పెట్టడం మాకు కొత్త కాదు. అయితే అప్పటికి మట్టి తన పని ముగించి ఉండాలి. బాపును పక్కన దింపి తవ్వడం మొదలుపెట్టారు.

"వదినె అంత మట్టయితెనే పెడుదం. కాకుంటె మూసేసి, అన్నను రోడ్డు పక్క మూలకు తీస్కపోదం" అని బాపు తమ్ముడు, మా చిన్నాయిన ముందే చెప్పాడు.

నేను బయటపడుతున్న మట్టినే చూస్తున్నాను. గుల్లగా ఉంది, వానపాములు కదులుతున్నాయి. అమ్మ పోయి అయిదేళ్లు. కలిసిపోయి ఉండాలి, ఉండాలి అని లోపల మొక్కుకుంటున్నాను. కన్నతల్లి గురించి ఇలా మొక్కుకునే కూతురు ఎక్కడైనా ఉంటుందా? నా మీద నాకే రోత పుట్టింది.

పార దేనికో తగిలి బర్రున జారింది. నీలం టార్పాలిన్. తాళ్లతో గట్టిగా కట్టి ఉంది.

"అమ్మను పెట్టిన దినం వాన పడ్డది గదనే చెల్లె" అన్నాడు మా అన్న. "అమ్మకు సలి ఆగదని, వడ్ల మీది పరదా తెచ్చి బాపే చుట్టిండు."

వాగు పొంగి ఆ రోజు నేను ఆలస్యంగా, బొంద పూడ్చాకే చేరాను. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. బాపు మీద కోపమూ జాలీ ఒక్కసారే వచ్చాయి. గాలీ పురుగూ చొరకుండా కట్టేశాడు, పిచ్చి బాపు.

"మూసెయ్యుండ్రి" అన్నాడు చిన్నాయిన.

"మూయొద్దు. ఆ పరదా కొయ్యాలె" అన్నాను.

"పాపం తగుల్తది బిడ్డా, ముట్టొద్దు" అన్నాడాయన.

ఎవరూ దిగలేదు. కొడవలి అడుక్కొని నేనే దిగాను. వాళ్లు బాపును ఎత్తుకొని మూలకు నడిచారు. నేను కళ్లు మూసుకొని, చేత్తో తడుముకుంటూ పరదాను పొడుగునా కోశాను. ఊపిరి బిగబట్టి, వానపాములున్న మట్టిని గుప్పిళ్లతో లోపలికి తోశాను.

బాపు మీద మట్టి వేయడానికి రమ్మని అవతలి నుంచి అన్న పిలిచాడు. నా పిడికిట్లో మట్టి ఉంది. అది అమ్మకే వేశాను.